గోడలోని చిన్న ముక్క

ఉదయం ఏడింటికి మా ఇంట్లో కుళాయిలన్నీ మూగనోము పడతాయి. ఆయన స్నానానికి వెళ్ళారంటే వంటింట్లో నేను నీళ్ళు ముట్టుకోకూడదు. ముట్టుకున్నానా, షవర్‌లో నీళ్ళు భగ్గుమంటాయి, లోపలినుంచి కేక వస్తుంది. అందుకని సబ్బు నురగ అంటిన చేతులు గాల్లో పెట్టుకుని పావుగంట సింకు ముందు నిలబడతాను. పాలగిన్నె మాడు ఎండిపోతూ ఉంటుంది. ఈ ఇంట్లోకి వచ్చి పదకొండేళ్ళు, పదకొండేళ్ళుగా ఇదే తంతు. "నీళ్ళు వాడటం కూడా నేర్పాలా నీకు?" అన్నారాయన కొత్తలో. "దానికి చెయ్యి దురుసు" అని మా అత్తయ్య ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్పేది. వినీ వినీ నిజమేననుకున్నాను. పుట్టింటికి వెళ్ళినప్పుడు కూడా కుళాయి తిప్పేముందు బాత్రూమ్ తలుపు వైపు చూసేదాన్ని.

మొన్న మంగళవారం వీధి గుమ్మంలో నిలబడి కొరియర్ కాగితం మీద సంతకం పెడుతున్నాను. అత్తయ్య హాల్లో కూర్చుని బీన్స్ ఈనెలు తీస్తోంది. లోపలినుంచి కేక. "ఆ కుళాయి కట్టెయ్!"

నా చేతిలో పెన్ను ఉంది. చేతులు పొడిగా ఉన్నాయి.

ఎర్రగా కందిన భుజంతో ఆయన బయటికి వచ్చారు. "ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

"నేను ముట్టుకోలేదండీ. గుమ్మం దగ్గరున్నాను."

"మరి దెయ్యం తిప్పిందా?"

అత్తయ్య నన్ను చూస్తూనే ఉంది కదా, ఆవిడైనా చెబుతుందని ఆగాను. "పోనీలేరా, ఏ ధ్యాసలో తిప్పిందో" అంది.

ఒళ్ళు మండిపోయింది. ఆఫీసుకు ఫోన్ చేసి సెలవు కావాలన్నాను. ఇంట్లో ఎవరికి బాగాలేదని అడిగాడు మేనేజరు. అడగడూ మరి, నా సెలవులన్నీ ఎవరో ఒకరి జ్వరానికే ఖర్చయ్యాయి. "షవర్‌కి బాగాలేదు" అని పెట్టేశాను.

ఆయన వెళ్ళాక షవర్ పిడి మధ్యలో పెట్టి, కింద చెయ్యి చాచాను. ఇంట్లో మరో కుళాయి తెరిచి లేదు. గోరువెచ్చగా మొదలైన నీళ్ళు ఉన్నట్టుండి చురుక్కుమన్నాయి, మళ్ళీ వాటంతటవే చల్లబడ్డాయి. పిడి కదలనే లేదు. కట్టేశాక కూడా టపటపా కారుతూనే ఉంది. నోరు తెరుచుకుని అక్కడే నిలబడిపోయాను. తప్పు గోడలో ఉంది. నా చేతిలో లేదు.

ఫోన్‌లో రెండు వీడియోలు చూశాను. గీజర్ ఆపి, మెయిన్ వాల్వ్ కట్టి, గొట్టంలో మిగిలిన నీళ్ళు వదిలేసి పిడి స్క్రూ విప్పాను. వెనకున్న రేకు తీస్తే గోడలో గుండ్రటి గుంత. ఫోన్ లైటు పట్టుకుని అత్తయ్య నా భుజం మీదుగా వంగి చూసింది. "ఓసినీ! మన గోడలో ఇంత కథ ఉందా!" పానాతో ఇత్తడి నట్టు వదులు చేసి గట్టిగా లాగితే బొటనవేలంత ముక్క చేతిలోకి వచ్చింది. ఒంటినిండా సున్నం పేరుకుని ఉంది, రబ్బరు రింగులు పగిలిపోయాయి.

దాన్ని రుమాల్లో చుట్టుకుని కుళాయి సామాన్ల కొట్టుకు వెళ్ళాను. కొట్టాయన కళ్ళజోడు పైకి తోసి చూశాడు. "లోపలి వాల్వ్ అరిగిపోయిందమ్మా. దీని పనల్లా వేడినీళ్ళనీ చన్నీళ్ళనీ సరిచూసుకోవడమే. వంటింట్లో మీరు ఎన్ని కుళాయిలు తిప్పినా షవర్ కింద ఉన్న మనిషికి తెలియకూడదు."

"తెలియకూడదా?"

"అస్సలు తెలియకూడదు."

అక్కడే స్టూలు మీద కూలబడ్డాను. లోకంలో ఇలాంటి వస్తువు ఒకటుందా! ఎవరో పనిగట్టుకుని ఆలోచించి, ఇంత చిన్నదాన్ని చేసి గోడల్లో పెట్టారా! మా ఇంట్లో అది ఎప్పుడో పని మానేసింది. దాని పని నేను చేస్తున్నాను, సబ్బు చేతులతో, ఊపిరి బిగబట్టుకుని. పైగా తిట్లూ నాకే. కొట్టాయన మంచినీళ్ళు కావాలా అని అడిగాడు.

ఇంటికొచ్చి కొత్తదాన్ని పాతది ఉన్నట్టే కూర్చోబెట్టి, నట్టు బిగించి, మెయిన్ వాల్వ్ మెల్లగా తెరిచాను. చుక్క కారలేదు. గీజర్ వేడెక్కాక షవర్ కింద చెయ్యి పెట్టి, "అత్తయ్యా, వంటింట్లో కుళాయి తిప్పండి" అని కేకేశాను. నీళ్ళలో ఏ తేడా లేదు.

"తిప్పారా?"

"ఎప్పుడో తిప్పానే! రెండూ తిప్పాను!"

ఒళ్ళు జలదరించింది. మొదటిసారి సముద్రం చూసినప్పుడు కూడా నాకు ఇలా కాలేదు. అత్తయ్య వచ్చి తనూ నీళ్ళ కింద చెయ్యి పెట్టింది, చాలాసేపు తియ్యలేదు. నావైపు చూడకుండా, "పొద్దున నువ్వు గుమ్మంలోనే ఉన్నావు. నేను చూశాను" అంది.

సాయంత్రం ఆయనకు చెప్పాను. "బాగుచెయ్యడానికి ఎవరొచ్చారు?" అన్నారు.

"నేనే చేశాను."

"అది కాదు, ఎవరొచ్చారు?"

మర్నాడు ఏడింటికి నేనే ముందు బాత్రూమ్‌లోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ అందరూ అయ్యాక గీజర్‌లో ఏం మిగిలితే అదే నా స్నానం. షవర్ వదిలాను గానీ పిడి ఎంతవరకు తిప్పాలో తోచలేదు. ఆయనకు ఎంత వేడి ఉండాలో తెలుసు, అత్తయ్యకు ఎంతో తెలుసు. నాకెంతో తెలియదు. కొంచెం ఇటు తిప్పి నిలబడ్డాను. ఇంకొంచెం తిప్పాను. ఎంత వేడి దగ్గర ఆపితే అంతలోనే ఉంటున్నాయి నీళ్ళు, నా మాట వింటున్నాయి.

తలుపు మీద దబదబా చప్పుడు. "ఇంకా ఎంతసేపు?"

"తెలియదండీ" అన్నాను. "ఇప్పుడే చూసుకుంటున్నాను."