రెండు గంటల తుఫాను

గౌండర్ సార్ తలుపు మూసి, ఒక కాగితం నా ముందుకు తోశాడు.

"చదువు అవినేశ్. సిడ్నీ క్లయింటు పంపాడు."

కంపెనీల మీద ఉద్యోగులు పేరు చెప్పకుండా అభిప్రాయాలు రాసే సైటు అది. మా సువా ఆఫీసుకు ఎవరో రెండు నక్షత్రాలు ఇచ్చారు.

'తోటివాళ్ళు మంచివాళ్ళు. చాయ్ బాగుంటుంది. జనవరిలో తుఫాను హెచ్చరిక రెండు గంటలకు వచ్చింది. బస్సులు ఆగిపోయేదాకా మమ్మల్ని వదల్లేదు. సర్వర్లకు జనరేటర్ ఉంది. మాకు వేసిన తలుపు ఉంది.'

"ఎవరో కనుక్కో. శుక్రవారం లోపు పేరు కావాలి."

"నేనెందుకు సార్?"

"తుఫాను రోజు నువ్వు సముద్రం అవతల లంబాసాలో చెల్లెలి పెళ్ళిలో ఉన్నావు. మిగతా అందరి మీదా నాకు అనుమానమే."

మెట్లు దిగుతూ మళ్ళీ చదివాను. రెండు గంటలకా? సువాలో సైరన్ మూడింటికి మోగిందని ఊరంతటికీ తెలుసు. జనవరిలో సిడ్నీ మనకంటే గంట వెనుక. ఆఫీసు మొత్తంలో సిడ్నీ టైముకు వాచీ పెట్టుకునేది సిడ్నీ డెస్కులో పనిచేసే మేమిద్దరమే. నేను, మెరెసి.

మెరెసికి ఉద్యోగం ఖాయమయ్యే ఉత్తరం శుక్రవారమే రావాలి. ఆరు నెలలుగా దాని కోసమే కాచుకుని ఉంది.

క్యాంటీన్‌లో ఉడికించిన కసావా దుంప తింటోంది. పక్కన కూర్చున్నాను.

"పిచ్చిదానా, నువ్వే కదూ?"

ఆమె నమలడం ఆపింది. "నడుములోతు నీళ్ళలో వలెలేవులో ఇంటిదాకా నడిచాను భయ్యా. రెండు నక్షత్రాలిచ్చాను. అదే ఎక్కువ."

"నక్షత్రాలు కాదే, గంట! సిడ్నీ గంట రాశావు."

ఆమె తన వాచీ చూసుకుంది.

"సార్ పట్టాడా?"

"ఇంకా లేదు. ఇప్పుడే మార్చెయ్. మూడు అని పెట్టు."

అక్కడే ఫోన్ తీసి మార్చింది. హమ్మయ్య అనుకున్నాను. నాకేమీ దొరకలేదని సార్‌తో చెబితే చాలు.

శుక్రవారం సాయంత్రం ఆఫీసులో తాగడానికి కావా వేరు పొడి నీళ్ళలో కలుపుతున్నారు. చాపల మీద అందరూ చేరుతుండగా గౌండర్ సార్ నన్ను లోపలికి పిలిచాడు. బల్ల మీద పాత కాగితం, పక్కనే సైటు తెరిచిన కంప్యూటర్.

"ఏం దొరికింది?"

"ఏమీ లేదు సార్."

"నాకు దొరికింది. రెండు పోయి మూడొచ్చింది." ఆయన వేలు రెండు అంకెల మధ్య ఆడింది. "మొన్నటిదాకా నేను ఆ గంటను పట్టించుకోనే లేదయ్యా. ఎందుకు మార్చారా అని చూస్తే అర్థమైంది. రాసింది సిడ్నీ డెస్కు వాళ్ళని."



"నేనే రాశాను సార్."

ఆయన నవ్వాడు. నిజంగానే సరదాపడి నవ్వాడు. "లంబాసా నుంచి తలుపు ఎలా చూశావు? నీ సెలవు కాగితం మీద సంతకం నాదే. ఇక మిగిలింది ఒక్కరు. నేను అడిగేది ఆ పిల్ల గురించి కాదు. మార్చమని చెప్పిందెవరు?"

నేను బల్ల మీది పాత కాగితం వైపు చూశాను.

"సరే. ఆ మాట మనిద్దరి మధ్యే ఉంటుంది. ఆ డెస్కులో నాకు పనిచేసే మనిషి ఒక్కరైనా మిగలాలి. వెళ్ళి ఆమెను పంపు."

బయటికి వచ్చాను. మెరెసి చాప మీద కూర్చుని ఉంది. కావా నింపిన కొబ్బరి చిప్ప ఆమె వంతుకు వచ్చింది. ఆనవాయితీగా ఒకసారి చప్పట్లు కొట్టి అందుకుంటూ నన్ను చూసింది.

"ఉత్తరం ఇస్తారా భయ్యా? పిలుస్తున్నారా?"

"పిలుస్తున్నారు" అన్నాను.

చిప్ప ఒక్క గుక్కలో ఖాళీ చేసి, మూడుసార్లు చప్పట్లు కొట్టి, జుట్టు సర్దుకుంటూ లేచింది.