ఎనిమిది నిమిషాల విరామం

పురపాలక సభలో మినిట్స్ రాసే ఆవిడని అందరూ మినిట్సమ్మ అంటారు. పందొమ్మిదేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. సభ్యులు మారారు, చైర్మన్లు మారారు, వాళ్ళు మాట్లాడే చెత్త మాత్రం మారలేదని ఆవిడ అభిప్రాయం. ఆ చెత్తంతా ఏరి నాలుగు వాక్యాలు చేసి పెట్టడం ఆవిడ ఉద్యోగం. ఎవరైనా ముప్పావు గంట ఊదరగొడితే "సభ్యులు వీధిదీపాల గురించి ప్రస్తావించారు" అని ఒక్క ముక్క రాసి ఊరుకునేది. ఆ ఒక్క ముక్కలో ఎంత వెక్కిరింత ఉందో ఇంతవరకూ ఒక్కరికీ తట్టలేదు. తట్టేవాళ్ళయితే అసలు ముప్పావు గంట మాట్లాడరు.

ఏడేళ్ళ కింద ఆవిడకి గర్భసంచి ఆపరేషన్ అయింది. ఆ తర్వాత మూత్రం ఆవిడ మాట వినడం మానేసింది. దగ్గినా, నవ్వినా, కుర్చీలోంచి లేచినా, ఒక్కోసారి ఏమీ చెయ్యకపోయినా దాని దారి అది చూసుకునేది. మొదటి ఆరు నెలలు ఆవిడ కూడా అందరిలాగే దాచింది. నీళ్ళు తాగడం మానేసింది. ముదురు రంగు బట్టలే కట్టింది. ఏ వీధిలో ఏ మరుగుదొడ్డి తెరిచి ఉంటుందో కంఠతా పట్టింది. చివరికి ఒకరోజు నీరసంతో మెట్ల మీద కళ్ళు తిరిగి పడి, నుదుటికి మూడు కుట్లు పడ్డాక, నెత్తి పగలగొట్టించుకునేంత విలువ ఈ సిగ్గుకి లేదని తేల్చుకుంది.

భర్త కుళాయిలు, పైపులు బాగుచేసే మనిషి. మంచం అంచున కూర్చుని ఆవిడ ఆరు నెలల రహస్యం విప్పితే, అంతా విని, "వాషర్ పోయిందన్నమాట. దీనికింత ఏడుపెందుకే?" అన్నాడు. ఆవిడ దిండు తీసి ఆయన మొహాన కొట్టింది. తర్వాత నవ్వొచ్చింది, నవ్వితే జరగవలసిందే జరిగింది, దానికి ఇద్దరూ ఇంకా నవ్వారు. ఆ వారం నుంచి సరుకుల చీటీలో సబ్బు, ఉప్పు, అగ్గిపెట్టెల కింద "అమ్మకి డైపర్లు" అని కూతురు రాయడం మొదలుపెట్టింది.

ఆడపడుచు చూడటానికొచ్చి, అలమరలో ప్యాకెట్లు చూసి ముక్కున వేలేసుకుంది. "అటక మీద పెట్టుకోరాదూ వదినా? వచ్చేపోయేవాళ్ళు చూస్తారు."

"మీ అన్నయ్య పళ్ళసెట్టు గ్లాసులో వేసి కిటికీలో పెడతాడు. దాన్నీ అటకెక్కించమంటావా?" అంది మినిట్సమ్మ. ఆడపడుచు రెండు రోజులు ఉండాల్సింది ఒక పూటకే వెళ్ళిపోయింది. అదీ ఒక లాభమే.

ఆఫీసులోనూ ఒక్కసారే చెప్పింది, అందరికీ చెప్పింది. కుర్చీ పక్క కొక్కేనికి గుడ్డసంచి తగిలించింది. అందులో రెండు డైపర్లు, ఒక తువ్వాలు, ఒక లంగా, మూతి బిగించే ప్లాస్టిక్ కవర్లు. సంచి మీద కప్పిందేమీ లేదు.

గొడవంతా రూలుతో వచ్చింది. సభ మధ్యలో ఆగితే ఎప్పుడాగిందో, ఎందుకాగిందో మినిట్స్‌లో రాయాలి. మినిట్స్ రాసే మనిషి లేచిందంటే సభ ఆగాల్సిందే. ఇంతకుముందు పని చేసినవాళ్ళు ఇలాంటిచోట "పరిపాలనా కారణాలు" అని రాసి దులుపుకునేవారు. మినిట్సమ్మకి అబద్ధం రాసే అలవాటు లేదు. "మూడు గంటల ఇరవైకి సభ ఎనిమిది నిమిషాలు ఆగింది. కారణం: మినిట్స్ రాసేవారు డైపర్ మార్చుకోవడం" అని రాసింది. రూలు ప్రకారం పై నెల సభ మొదట్లో దాన్ని పైకి చదివింది కూడా. పదకొండు మంది సభ్యులూ బల్లకేసి చూశారు. ఒకాయన లేచి వెళ్ళి కిటికీ తెరిచాడు, అక్కడికేదో వాసనొచ్చినట్టు. వాక్యానికి వాసనుంటుందని ఆవిడకి ఆ రోజే తెలిసింది.

అయితే ఆ ఎనిమిది నిమిషాలంటే అందరికీ ప్రాణం. ఎందుకంటే చైర్మన్ విరామం ఇచ్చే మనిషి కాదు. "పదేళ్ళుగా ఈ కుర్చీలోంచి మధ్యలో లేవలేదు" అని చెప్పుకునేవాడు, అదేదో ఊరికి చేసిన సేవైనట్టు. మినిట్సమ్మ సంచి తీసుకుని లేవగానే మిగతా వాళ్ళంతా ఒకరినొకరు తోసుకుంటూ మరుగుదొడ్డికి పరిగెత్తేవాళ్ళు. వచ్చి చేతులు తుడుచుకుంటూ, "ఏమిటో, ఈవిడతో సభ సాగదు" అని నిట్టూర్చేవాళ్ళు. ఇలాంటి వాళ్ళ మాటలు పందొమ్మిదేళ్ళు చక్కగా రాసిపెట్టినందుకు ఆవిడకి తన చేతిరాత మీదే కోపం వచ్చేది.

ఆ ఏడాదిలో ఆరోసారి ఆ వాక్యం చదివాక చైర్మన్ తీర్మానం పెట్టాడు: "సభ హుందాతనం దృష్ట్యా మినిట్స్ బాధ్యుల మార్పు." ఆవిడని కిందున్న పాత ఫైళ్ళ గదికి పంపాలని. ఆ గదికి కిటికీ లేదు. అక్కడికి ఎవరూ వెళ్ళరు. జీతం తగ్గదు, హోదా తగ్గదు అని కార్యదర్శి మెత్తగా చెప్పాడు.

"నన్ను అటకెక్కిస్తున్నారన్నమాట," అంది ఆవిడ.

"అలా అనుకోకండి మేడమ్."

"మరెలా అనుకోమంటారు?"

కార్యదర్శి ఫైలు చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆవిడకి నిద్ర పట్టలేదు. కుర్చీ పోతుందన్న బాధ ఉంది, ఆవిడకి ఆ పని ఇష్టం. దానికంటే ఎక్కువగా, తను ఆరు నెలలు ఏడ్చి బయటపడ్డ చీకటిగదిలోకి ఈ పదకొండు మంది చేతులెత్తి మళ్ళీ తోసేస్తారంటే ఒళ్ళు మండింది.

ఉద్యోగుల విషయం చర్చకొస్తే సభ తలుపులు మూస్తారు. ఓటు అయ్యేదాకా బయటికెళ్ళినవాళ్ళు తిరిగి లోపలికి రాకూడదు. చైర్మన్ కాక కనీసం ఏడుగురుండాలి, లేకపోతే తీర్మానం పడిపోయినట్టే. ఇవన్నీ ఆ పదకొండు మంది పెట్టుకున్న రూళ్ళే. సభ రోజు పొద్దున మినిట్సమ్మ రాత్రిపూట వాడే మందపాటి డైపర్ కట్టుకుంది. రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. తీరిగ్గా వచ్చి కూర్చుంది.

రెండింటికి తలుపులు మూశారు. అప్పటికే సభ్యుల్లో చాలామంది రెండేసి కప్పుల టీ పట్టించి ఉన్నారు.

మొదట మాట్లాడింది సవరణల సభ్యుడు. ఆయన అన్నిటికీ సవరణ పెడతాడు, తన సవరణకి కూడా. "ఆ... ఒక ప్రత్యేకమైన... శారీరక... అంటే మనందరికీ తెలిసిన ఆ పరిస్థితి వల్ల..."

మినిట్సమ్మ పెన్ను ఆపింది. "ఏ పరిస్థితండీ? కారణం స్పష్టమైన మాటల్లో రాయాలి."

"అదేనమ్మా."

"'అదే' అని రాయమంటారా?"

ఆయన చైర్మన్‌కేసి చూశాడు. చైర్మన్ పైకప్పుకేసి చూశాడు. "అసౌకర్యం అని రాయండి" అన్నాడొకాయన. "ఎవరికి అసౌకర్యం?" అని ఆవిడ అడిగింది. "అపరిశుభ్రత" అన్నాడింకొకాయన. "ఏ రోజు, ఏ కుర్చీ పాడైంది? తేదీ రాయాలి" అంది. ఆ ఒక్క మాట నోట పెట్టడానికి భయపడి పదకొండు మంది పెద్దమనుషులు రెండు గంటలు చుట్టుతిరుగుడు మాటలు మాట్లాడారు. కారణం లేకుండా తీర్మానం ఓటుకి వెళ్ళదు. కారణం చెప్పాలంటే నోరు రాదు.

నాలుగయ్యేసరికి వాళ్ళ ధోరణి మారింది. ఒకాయన కాలు మీద కాలేసుకున్నాడు, తీసి ఇటు వేసుకున్నాడు. ఒకాయన ముళ్ళ మీదున్నట్టు కదులుతున్నాడు. అందరూ ఆవిడకేసి, కొక్కేనికున్న సంచికేసి చూడటం మొదలుపెట్టారు. వాళ్ళు చేసిన తప్పేమిటో అప్పుడు గానీ వాళ్ళకి తెలియలేదు.

వెనక బెంచీ పెద్దావిడ వంగి గుసగుసగా అడిగింది. "అమ్మా, నీకు... విరామం కావాలేమో?"

"అక్కర్లేదండీ. హాయిగా ఉంది."

"పోనీ ఒకసారి వెళ్ళి చూసుకోరాదూ?"

"ఎవరైనా విరామం కోరొచ్చండీ. కారణం చెబితే రాసుకుంటాను."

ఎవరూ కోరలేదు. నాలుగుంపావుకి పెద్దావిడే మొదట లేచింది. "నేను పోతున్నా. కారణం ఒంటికి. రాసుకో" అని తలుపు తోసుకుని వెళ్ళిపోయింది. ఆ గదిలో ఉన్నవాళ్ళలో మినిట్సమ్మ మర్యాదగా చూసింది ఆవిడొక్కర్తినే. తర్వాత సవరణల సభ్యుడు "ఫోనొచ్చింది" అంటూ పరిగెత్తాడు, ఫోను బల్ల మీదే ఉంది. ఇంకొకాయనకి ఇంట్లో చుట్టాలు గుర్తొచ్చారు. ఇంకొకాయన ఏమీ చెప్పకుండా దౌడు తీశాడు. ఐదో ఆయన కూడా లేచేసరికి సభలో ఆరుగురే మిగిలారు. తీర్మానం పడిపోయింది. ఆ మాట వినీ వినకుండానే ఆరుగురూ, వాళ్ళ వెనక కార్యదర్శీ బయటపడ్డారు.

చైర్మన్ మాత్రం లేవలేదు. ఒళ్ళో ఫైలు పెట్టుకుని అలాగే కూర్చున్నాడు. మధ్యాహ్నం తెచ్చిన టీ ఆయన ముందు ముట్టకుండానే ఉంది, నీళ్ళ గ్లాసు మూత కూడా తియ్యలేదు. మినిట్సమ్మకి ఆ విద్య బాగా తెలుసు. ఆరు నెలలు తనూ చదివింది. పదేళ్ళుగా ఎందుకు లేవలేదో, విరామమంటే ఎందుకంత చిరాకో అప్పుడర్థమైంది. ఈ మనిషా నాకు హుందాతనం నేర్పేది అనుకుంది. అసహ్యం వేసింది, అతని ఒంటి మీద కాదు, అతని తీర్మానం మీద.

"మీరు వెళ్ళండమ్మా," అన్నాడు చైర్మన్.

"మీరు లేచిన టైము రాశాకే నేను లేవాలండీ."

"నేను లేవలేను."

"కాళ్ళు పట్టేశాయా?"

"కాదు."

"మరి?"

"అదే."

"ఆ మాటతోనే మూడు గంటలు గడిచాయి. సరిగ్గా చెప్పండి."

ఆయన ఫైలు అంచులు సర్దాడు. మళ్ళీ సర్దాడు. "ప్యాంటు తడిసింది," అన్నాడు. "ప్రతి నెలా భయమే. ఇవాళ ఆగలేదు."

ఆవిడకి జాలి వెయ్యలేదు. ఉన్నమాటే చెప్పుకోవాలి కదా, ఒక రకమైన తృప్తి కలిగింది. ఆ వెంటనే, మెట్ల మీద పడ్డ రోజు తన తల ఎత్తి పట్టుకున్న, కూరగాయలమ్మే మనిషి గుర్తొచ్చింది. ఆ మనిషి ఏమీ అడగకుండా తన పైగుడ్డ తీసి మినిట్సమ్మ నడుముకి చుట్టింది. మినిట్సమ్మ కూర్చున్నచోటి నుంచే చెయ్యి చాచి సంచి అందుకుంది.

"ఇదిగో. టేపులు ముందువైపుకి రావాలి. బిగించి కట్టకండి, తొడల దగ్గర ఒరుసుకుంటుంది. ఇదిగో తువ్వాలు. ప్యాంటు ఈ కవర్లో పెట్టండి, చన్నీళ్ళలో నానబెట్టాకే సబ్బు. నా వానకోటు వేసుకోండి, మోకాళ్ళ దాకా వస్తుంది."

ఆయన డైపర్‌ని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. "దుకాణంలో... ఏమని అడగాలి?"

"నోరు తెరిచి అడగాలి," అంది మినిట్సమ్మ.

ఆయన వానకోటులో తిరిగొచ్చేసరికి ఆవిడ కాగితం సిద్ధం చేసింది. ఆ రోజు మినిట్స్ మీద ఆయన సంతకం కావాలి. చివర్లో "చైర్మన్ లేచిన సమయం: ఐదు పది. కారణం:" అని ఉంది, ఆ పక్కన ఖాళీ.

"ఇది మీది. మీరే పూరించాలి. నేను నా సంగతే రాస్తాను."

ఆయన పెన్ను తీసుకుని ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా "పరిపాలనా కారణాలు" అని రాశాడు. ఒంటి మీద ఆవిడ కోటు, ఒంటికి ఆవిడ డైపర్, చేతిలో ఆవిడ పెన్ను. ఇంత జరిగినా మనిషి మనిషే. మినిట్సమ్మకి నవ్వొచ్చింది, ఆపుకోలేదు.

కాగితం తన వైపు తిప్పుకుని, కింద ఇంకో వాక్యం చేర్చింది: "ఐదింటికి మినిట్స్ రాసేవారు తమ సంచిలోని డైపర్ ఒకటి చైర్మన్ గారికి ఇచ్చి, కట్టుకునే పద్ధతి చెప్పారు."

ఆయన మొహం పాలిపోయింది. "ఇదెందుకు?"

"సభలో నేను చేసిన పని కాబట్టి. వద్దంటే కొట్టేస్తాను, మీ పేరు మీ అనుమతి లేకుండా ఉంచను. కొట్టేస్తే మీ 'పరిపాలనా కారణాలు' మిగులుతాయి. పై నెల మీరు మళ్ళీ తీర్మానం పెడతారు. నేను మళ్ళీ మందపాటిదే కట్టుకొస్తాను. మీరు మళ్ళీ టీ ముట్టకుండా కూర్చుంటారు. మీ ఇష్టం."

చైర్మన్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. పెన్ను దాని మీద పెట్టాడు, ఎత్తాడు. చివరికి తను రాసిన రెండు మాటలు అడ్డంగా కొట్టేసి, పడిపోయిన తీర్మానాన్ని మళ్ళీ పెట్టనని రాసి, సంతకం పెట్టాడు.

"పై నెల ఇదంతా చదవాలి కదూ," అన్నాడు, కోటు బొత్తాలు పెట్టుకుంటూ.

"చదవాలి."

"కాస్త మెల్లగా చదవండి."

"మెల్లగా చదివితే వెనక బెంచీ వాళ్ళకి వినపడదండీ," అంది మినిట్సమ్మ. "వాళ్ళలో ఇద్దరు మీలాగే టీ ముట్టరు."