పైడితల్లి నుయ్యి చేదాల్సిన పొద్దు

కాసిడీహ్‌ బస్తీలో కామెర్లు ప్రబలిన ఏడు, ఇళ్లలోని నూతులన్నీ సిమెంటు పలకలతో మూసేయమని ఆర్డరొచ్చింది. ఆర్డరు రాసినవాళ్ల ఇళ్లలో కుళాయిలున్నాయి. అసిరయ్యకు తన చేతులతో తవ్వుకున్న నుయ్యే ఉంది.

అతని పెరట్లోకి పలక తెచ్చి దించిన పొద్దునే కోడలు పైడితల్లి నుయ్యి చేదాలి. బాలింత నూతికి పూజచేసి తొలి చేద తోడితేనే పురిటిమైల తీరినట్టు.

“ఈ పూట ఆగు బావూ. కోడలుపిల్ల చేదేక మూసేద్దువుగాని,” అని అసిరయ్య, పలక తెచ్చిన మేస్త్రీ జగ్గారావు చేతులు పట్టుకున్నాడు.

“హట్! జనం సత్తంటే నీకు పూజలేటి?” అంటూ జగ్గారావు గట్టుమీది పసుపుకుంకాలను చెప్పుకాలితో తుడిచేశాడు.

అసిరయ్య పలక పక్కనున్న గునపమెత్తి అతని తలమీద ఒక్కటేశాడు. పుర్రె పగిలి జగ్గారావు నూతిలో పడ్డాడు. పలక మోసుకొచ్చిన కూలీలు అసిరయ్యను కిందపడేసి పళ్లు రాలేలా తన్నారు, అదే గునపంతో మోకాలు విరగ్గొట్టారు. తర్వాత ఒకడు నూతిలోకి దిగి, పైడితల్లి కోసం పసుపు రాసి ఉంచిన కొత్తతాడుతోనే శవాన్ని కట్టాడు. మిగతావాళ్లు పైకి లాగారు. గట్టుమీంచి ఎర్రటి నీళ్లు కారాయి.

ఖాళీ చేద పట్టుకుని పైడితల్లి ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది. అసిరయ్య ఆమె వైపు చూడలేక మొహం తిప్పుకున్నాడు.

“మూసీండి,” అన్నాడు.