ఒళ్ళో చలిమిడి

పాకం ఉండకట్టే వేళకి పొయ్యి దగ్గర్నుంచి కదలకూడదు. కదిలితే ముదిరిపోతుంది. ముదిరితే చలిమిడి రాయైపోతుంది. అప్పుడు మా అత్తగారు సంపూర్ణమ్మ గారు వచ్చినవాళ్ళందరికీ "మా కోడలు చేసిందండి" అని చెబుతారు. బాగా కుదిరితే మాత్రం "మా ఇంట్లో చేసిందే" అంటారు. అందుకని హాల్లో టీవీ ముందు ఎంత గోలగా ఉన్నా పట్టించుకోకుండా, గిన్నెలో నీళ్ళు పోసుకుని, పాకం చుక్క వేసి వేలితో నొక్కి చూసుకుంటున్నాను. పొద్దున్న ఇంత కాఫీ తాగాను. శుభకార్యానికి చేసేటప్పుడు ఎంగిలి పడకూడదు కాబట్టి ఇంకా కడుపులో ఉన్నది అదొక్కటే.

ఆ సాయంత్రం మా ఆడపడుచు వెంకటదుర్గకి అయిదో నెల చలిమిడి పెడుతున్నాం. కడుపుతో ఉన్న కూతుర్ని పీట మీద కూర్చోబెట్టి ఒళ్ళో చలిమిడి పెట్టడం పుట్టింటివాళ్ళ ముచ్చట. ముచ్చట వాళ్ళది. బియ్యం నానబోసి, పిండి ఆడించి, జల్లించి, తెడ్డు తిప్పడం నాది.

కొవ్వూరులో మా ఇల్లు చిన్నది. వంటింట్లోంచి టీవీ సగం కనిపిస్తుంది. ముందురోజు రాజమండ్రి మెయిన్‌రోడ్డులో చీరల షాపు తెరవడానికి హీరోయిన్ చారుహాసిని వచ్చింది. లోకల్ కేబుల్ వాడు పొద్దుట్నుంచీ అదే తిప్పి తిప్పి వేస్తున్నాడు. అందులో రిబ్బన్ కత్తిరించడం తక్కువ, ఆమె పొట్ట ఎక్కువ. కెమెరా మొహం మీంచి జారి నడుం దగ్గర ఆగిపోయింది. కింద పెద్ద అక్షరాల్లో "శుభవార్తేనా?" అని వేశాడు.

"నాలుగో నెలండీ, నేను చెబుతున్నాగా!" అన్నారు పక్కింటి రత్నమాణిక్యం గారు.

"నెలా లేదు, పాడూ లేదు. తిండెక్కువైంది. పెళ్ళయి ఇన్నేళ్ళయ్యాక ఇంకేం పుడతారు? కోట్లుండి ఏం లాభం, గొడ్డుబోతు బతుకు!" అన్నారు మా అత్తగారు.

ఠక్కున హాలు చప్పబడిపోయింది. నేను వంటింట్లో ఉన్నానని అందరికీ ఒకేసారి గుర్తొచ్చినట్టుంది.

"నిన్ను కాదే, లోవా!" అన్నారు అత్తగారు గొంతు పెంచి.

"అబ్బే, నేనేం అనుకోలేదండి," అన్నాను. ఈ ఇంట్లో మాట అన్నవాళ్ళని ఓదార్చే పని కూడా నాదే.

"ఆవిడ పొట్టతో మీకేం పని మామ్మా?" అంది సుప్రియ. మా బావగారి అమ్మాయి, డిగ్రీ చదువుతోంది.

"డబ్బు పుచ్చుకుని పదిమందిలోకి వచ్చింది కదే. చూడొద్దంటే ఎలాగ?"

"పుచ్చుకున్నది షాపు తెరవడానికి. పొట్ట చూపించడానికి కాదు. పక్కనే వాళ్ళాయన కూడా నిలబడ్డాడుగా, ఆయన్నెవరూ అడగలేదేం?"

"మగాణ్ణి ఏం అడుగుతారే!" అన్నారు అత్తగారు. అందరూ పగలబడి నవ్వారు. సుప్రియ విసురుగా లేచి వెళ్ళిపోయింది.

పిండి పోస్తూ తెడ్డు తిప్పుతున్నాను. చెయ్యి లాగేస్తోంది. ఆ హీరోయిన్ డబ్బు పుచ్చుకుంది సరే, నాకెవరిచ్చారు? నేను పాఠాలు చెప్పే స్కూల్లో, స్టాఫ్ రూములో మామిడికాయ ముక్క నోట్లో పెట్టుకుంటే "ఏంటి మేడమ్, పులుపు మీదకి పోతోందేం మనసు?" అంటారు. కాఫీ వద్దంటే నా వెనక కళ్ళు కలుస్తాయి. వదులు జాకెట్టు వేసుకున్నా, రెండు రోజులు సెలవు పెట్టినా, వాళ్ళకి అదే అర్థం. కొవ్వూరులో బస్సెక్కితే వంతెన దాటేలోపు పక్క సీటావిడ "ఎంతమందమ్మా పిల్లలు?" అని అడిగి, లేరంటే, "గోదాట్లో రూపాయేసి దణ్ణం పెట్టుకో తల్లీ" అని జాలిపడుతుంది. డాక్టర్లు నాలో ఏ లోపమూ లేదన్నారు. ఒకసారి మీవారిని కూడా తీసుకురమ్మన్నారు. ఎరువుల షాపు సీజన్లో ఎలా వదుల్తానన్నారు మావారు సత్యప్రసాద్ గారు. ఆ సీజను ఇంకా అవలేదు. ఆయన పొట్ట నాకంటే రెండు బెత్తెలు ముందుంటుంది. ఎన్నో నెలని ఇంతవరకు ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

పిల్లలు కావాలని నేనూ ఏడ్చాను. బాత్రూములో పంపు తిప్పుకుని ఏడ్చాను. కానీ ఆ ఏడుపైనా నాది కాకుండా చేశారు వీళ్ళంతా. ఇప్పుడు నాకు బాధ కంటే అలసటే ఎక్కువ.

తల తిప్పేసరికి టీవీలో మళ్ళీ అదే బొమ్మ. ఈసారి కెమెరా కిందికి రాకముందే నా కళ్ళు ఆమె పొట్ట మీదికి వెళ్ళాయి. నాకు సిగ్గేసింది. అప్పుడే ఆమె నవ్వు చెరగకుండా, ఎవరికీ తెలియకూడదన్నట్టు, కొంగు ముందుకు లాక్కుని పొట్ట మీద కప్పుకుంది. అంతమందిలో ఆ లాక్కోవడం ఎవరూ గమనించి ఉండరు. బస్సులో, స్కూల్లో, పెళ్ళిళ్ళలో నేను లాక్కునేదీ సరిగ్గా అలాగే.

చలిమిడి కుదిరింది. నెయ్యి, కొబ్బరి ముక్కలు, గసగసాలు కలిపి పళ్ళెంలోకి తీస్తుంటే మావారు వంటింటి గుమ్మంలోకి వచ్చారు.

"సాయంత్రం అమ్మ పిలిస్తే మొహం అలా పెట్టకు. ఒక్క నిమిషం కొంగు పడితే నీ సొమ్మేం పోతుంది?"

కొంగు పట్టడమంటే, కడుపుతో ఉన్నావిడ ఒళ్ళోంచి తీసిన చలిమిడి ముద్దని, పిల్లల్లేని ఆడది పదిమంది ఎదుట కొంగు చాచి పుచ్చుకుని తినడం. తింటే కడుపు పండుతుందంటారు. మా చుట్టాల్లో ఎవరికి నెల తప్పినా నాకు పిలుపు తప్పదు. నేనే చేస్తాను. పిల్లల్లేని చెయ్యి కాబట్టి నేను ఒళ్ళో పెట్టకూడదు. చివరికి నేను చేసిందే నాకు బిచ్చం వేస్తారు.

సాయంత్రం దుర్గని పీట మీద కూర్చోబెట్టారు. నేను పళ్ళెం పట్టుకెళితే అత్తగారు గడప దగ్గరే అందుకున్నారు. పిల్లల తల్లులు ఒక్కొక్కరే వచ్చి బొట్టు పెట్టి, దుర్గ ఒళ్ళో చలిమిడి పెట్టారు. "పాకం ఎంత బాగా కుదిరిందండీ!" అన్నారెవరో. "మా ఇంట్లో చేసిందే," అన్నారు అత్తగారు.

తర్వాత నా వైపు తిరిగారు. "లోవా, రావే. కొంగు పట్టు."

అందరి కళ్ళూ నా పొట్ట మీదికి వచ్చాయి. దుర్గ తలొంచుకుంది. పాపం, దానికి ఇదంతా ఇష్టం లేదు. నేను ముందుకెళ్ళాను. కొంగు చాచలేదు. నడుం చుట్టూ తిప్పి, బిగించి, బొడ్డులో దోపుకున్నాను. పొట్ట కనపడుతుందని తెలుసు. కనపడితే కనపడనీ అనుకున్నాను.

దుర్గ పక్కన చాప మీద చతికిలబడి, పళ్ళెం దగ్గరికి లాక్కుని, పెద్ద ముద్ద తీసి నోట్లో పెట్టుకున్నాను. నిజంగానే బాగా కుదిరింది.

"అయ్యో, అదేంటే!" అన్నారు అత్తగారు. మావారు గుమ్మంలోంచి కళ్ళెర్రజేశారు.

"ఒళ్ళోది తినాలమ్మా," అన్నారు రత్నమాణిక్యం గారు మెల్లగా, తెలియని దానికి చెబుతున్నట్టు. "పళ్ళెంలోది తింటే ఫలితం ఉండదు."

"ఫలితం కోసం కాదండి," అన్నాను, రెండో ముద్ద తీసుకుంటూ. "ఆకలేస్తోంది."