కండక్టరమ్మ ఎక్కని బస్సు

దుప్పటి రెండు కొసలు ఆమె చేతుల్లో, మిగతా రెండూ తోటికోడలి చేతుల్లో. ఫట్‌మని ఒక్క విదిలింపు, ముడతలు పోయాయి. ఇద్దరూ దగ్గరకు నడిచి కొసలు కలిపారు, వెనక్కి వెళ్ళారు, మళ్ళీ వచ్చారు. హోటళ్ళ దుప్పట్లు ఉతికే ఆ కార్ఖానాలో యంత్రాల మోతకు ఎంత అరిచినా వినపడదు. ఏం మాట్లాడాలన్నా కొసలు కలిసినప్పుడే మాట్లాడాలి. ఒకే రోజు పెళ్ళిళ్ళై ఒకే ఇంటికి వచ్చిన ఈ ఇద్దరూ ఏళ్ళ తరబడి ఇలాగే వాయిదాల మీద పోట్లాడుకున్నారు. భర్తలైన అన్నదమ్ములిద్దరూ ఒకరి తర్వాత ఒకరు పోయారు. దుప్పట్లు మాత్రం వస్తూనే ఉన్నాయి.

ఆమెది పొట్టి విగ్రహం, ఆవిరికి ఉబ్బిన వేళ్ళు. అందరూ కండక్టరమ్మ అంటారు. ఏటా ఒక ఆదివారం పనివాళ్ళంతా కొండమీది ఊరికి వెళ్తారు. ఒక్కరికీ కారు లేదు. ఏ బస్సెక్కాలి, ఎక్కడ దిగి మారాలి, ఏ వైపు కూర్చుంటే లోయ కనపడుతుంది, ఏ మలుపులో పిల్లల ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టాలి, అంతా ఆమే చెప్పాలి.

తమాషా ఏమిటంటే, ఆమె ఆ కొండ ఒక్కసారి కూడా ఎక్కలేదు. బస్సు మలుపు తిరిగిందంటే ఆమె కడుపూ తిరుగుతుంది. పెళ్ళైన కొత్తలో భర్త ముచ్చటపడి తీసుకెళ్తే, మొదటి మలుపులోనే ఆయన కొత్త చొక్కా మీద కక్కేసింది. అక్కడే దిగి ఇద్దరూ వెనక్కి నడిచారు. పోయేదాకా ఆయన మళ్ళీ కొండ ఊసెత్తలేదు, పాపం, మంచివాడు. ఆ తర్వాత ఏటా ఏదో ఒక సాకు: పంటినొప్పి, మోకాలు, చుట్టాలు. వెళ్ళొచ్చినవాళ్ళ కబుర్లన్నీ విని, మరుసటేడు వాటినే వాళ్ళకు తిరిగి చెప్పేది.

ఈ రోజుతో ఆమె ఉద్యోగం సరి. రేపటి ప్రయాణం ఆమెకు వీడ్కోలు. బస్సెక్కితే ఇన్నేళ్ళ పరువూ మొదటి మలుపులోనే పోతుంది. ఎక్కకపోతే ఇక ఈ జన్మకు ఆ కొండ లేదు. ఆమెకు కొండ చూడాలనుంది. పెద్ద కోరికేం కాదు, మబ్బు కింద ఉండాలి, తను పైన ఉండాలి, అంతే.

మధ్యాహ్నం డబ్బాలు తెరిచేసరికి గొడవ మొదలైంది. ముందు సీట్లు మావంటే మావని ఉతికేవాళ్ళూ ఇస్త్రీవాళ్ళూ ఎగబడ్డారు. పోయినేడు ముందు కూర్చున్నవాళ్ళు ఈసారి వెనక్కి వెళ్ళాలని ఆమె తీర్పు చెప్పింది. వేన్ మాట్లాడుకుందామన్నాడు బాయిలర్ మనిషి. వేన్ అయితే తను రానని ఆమె చటుక్కున అంది, దొరికిందిరా సాకు అని లోలోపల పొంగిపోయింది. అతను వెంటనే సరే, బస్సే అన్నాడు. పైగా కండక్టరమ్మ తన పక్కనే కూర్చోవాలన్నాడు, కొత్త తెల్లచొక్కా కుట్టించుకున్నానని కూడా చెప్పాడు. ఆమె డబ్బాకు మూత పెట్టేసింది.

మళ్ళీ దుప్పట్ల దగ్గరకు రాగానే, కొసలు కలిసినప్పుడు, నడుం పట్టేసింది, రేపు మీరెళ్ళండి అంది ఆమె. తోటికోడలు వెనక్కి వెళ్ళి మామూలుకన్నా గట్టిగా విదిలించింది. దగ్గరకొచ్చింది.

"నీ నడుం కాదక్కా. నీ కడుపు."

అని తన కొసలతో వెనక్కి వెళ్ళిపోయింది. ఆ దుప్పటి అంత పొడుగని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

"నీకెవరు చెప్పారే?"

"బావగారి చొక్కా ఉతికిందెవరనుకున్నావు?"

ఇన్నేళ్ళూ నోరు మెదపలేదేమని అడగడానికి ఇంకో దుప్పటి అందుకుంది. నువ్వే చెప్తావేమోనని చూశానంది తోటికోడలు. ఆమెకు కోపమొచ్చింది, సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. దుప్పటి అడ్డముంది కాబట్టి సరిపోయింది.

తర్వాతి నాలుగైదు దుప్పట్లలో సంగతంతా తేలింది. రైలు తిన్నగా పోతుంది, అందులో కడుపు తిరగదు. సాయంత్రం రైల్లో కొండ కిందిదాకా వెళ్ళి, ఏదో ఒక లాడ్జీలో పడుకుని, తెల్లారి కాలిబాట పట్టొచ్చు. బస్సువాళ్ళకు దారి ఎటూ చెప్పేసింది. వాళ్ళొచ్చేసరికి వీళ్ళిద్దరూ పైన నిలబడి ఉంటారు.

"ఈ వయసులో కొండ నడవగలమంటావా?"

"ఇక్కడ ముందుకీ వెనక్కీ నడిచినదంతా కలిపితే ఎన్ని కొండలక్కా?"

చెప్పకుండా గేటు దాటడం ఆమెకు కొత్త. వేలాడేసిన దుప్పటి వెనక నిలబడి పనిబూట్లు విప్పి, చెప్పులేసుకుంది. గేటు దాటాక ఇద్దరికీ నవ్వు ఆగలేదు. చీరలు కాస్త ఎత్తిపట్టి స్టేషన్ వైపు గబగబా నడిచారు.

కాసేపటికి, యంత్రాలు ఆగాక, సూపర్‌వైజర్ వీడ్కోలు మాటలు బట్టీపట్టి వచ్చాడు. దుప్పటి కింద బూట్లు కనపడ్డాయి. మొహం చూస్తూ చెప్పడం కన్నా ఇదే నయమనుకుని అక్కడే ఆగి, గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్ళలో ఒక్క మడత తప్పలేదన్నాడు. మీరు లేకపోతే ఇక్కడ బోసిగా ఉంటుందన్నాడు. ఆ పైన గొంతు తగ్గించి, తనకూ కొండబస్సు పడదని, ఏటా ఆదివారం పనుందని చెప్పేది అందుకేనని, దయచేసి ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు.

జవాబు కోసం ఆగాడు. దుప్పటి కింద, చెమ్మ నేల మీద, గోడవైపు తిరిగి, ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి ఆ రబ్బరు బూట్లు, లోపల ఇంకా వెచ్చగా.