సోయకూర మేసిన ఎలుకలు

వెర్నా హుచులాక్ పంజరం మూత ఎత్తి, నీలం తొడుగు వేసుకున్న వేలితో ఒక ఎలుక వీపు నిమిరింది. దాని డొక్క పక్కన కణితి ఉసిరికాయంత ఉబ్బి ఉంది. సాస్కటూన్ ఊళ్లో విశ్వవిద్యాలయం నేలమాళిగలో, పరిశోధనల ఎలుకల్ని సాకే పనిలో ఆమె చేరి ఇరవై తొమ్మిదేళ్లు. మేత వెయ్యడం, నీళ్లు మార్చడం, రంపపుపొట్టు ఎత్తిపొయ్యడం. మోకాళ్లు అరిగాయి గానీ ఒక్కరోజూ పని తప్పలేదు. పై అంతస్తుల మేధావుల్లో ఆమె ఇంటిపేరు తెలిసినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

ఆ పంజరంలోని ఆరు ఎలుకలకీ ఇవాళ ఆఖరి రోజు. ఫొటోలు తీశాక గ్యాసు పెట్టేస్తారు. వెర్నా జేబులోంచి, వంటింటి కిటికీలో తను పెంచిన సోయకూర తీసి తలా ఒక రెబ్బ ఇచ్చింది. అవి ముందుకాళ్లతో పట్టుకుని గబగబా నమిలేశాయి. పోయిన చలికాలం ఆస్పత్రిలో ఆమె మొగుడు స్టెఫ్‌కో సోయకూర వేసిన బంగాళాదుంపలు అడిగాడు. స్కానింగ్ అయ్యేదాకా ఏమీ పెట్టొద్దన్నారు. ఆమె పెట్టలేదు. స్కానింగ్ కాకుండానే ఆయన పోయాడు. ఆ తరవాత ఆమె చేతుల మీదుగా వెళ్లిపోతున్న మొదటి ప్రాణులు ఇవే.

మధ్యాహ్నం, ఆ ఎలుకల మీద పరిశోధన చేస్తున్న కుర్రపిల్ల మిరెయ్ చీకటిగదిలో ఫొటోలు తీసింది. నాలుగేళ్లుగా ఆమెది ఒకటే ధ్యాస. కంటికి ఆననంత సన్నని వెలిగే రేణువులకి గాజుపూత పూసి ఒంట్లోకి ఎక్కిస్తే, అవి కణితి దగ్గరే ఆగి వెలగాలి. తెరమీద కణితి వెలిగింది. అంతకన్నా ఎక్కువగా పొట్టంతా వెలిగింది.

"పూత ఊడిపోయింది వెర్నా. అన్నీ పేగుల్లోకి చేరాయి. నాలుగేళ్ల చాకిరీ మట్టిలో కలిసింది. ఈ పూత ఇక పనికిరాదని పైకి రాసేస్తా."

వెర్నాకి పొద్దుటి రెబ్బలు గుర్తొచ్చాయి. మేత మార్చొద్దని తలుపుమీద రాసే ఉంది. ఒక రెబ్బ కూడా మేత కిందే లెక్కని ఆమెకి తోచలేదు. చెబితే ఉద్యోగం ఉండదు. చెప్పకపోతే ఈ పిల్ల నాలుగేళ్లూ తన చేత్తోనే పారేసుకుంటుంది.

"రాయకమ్మా. పొద్దున నేనే వాటికి సోయకూర పెట్టాను."

మిరెయ్ తెరమీద వెలుగుతున్న పొట్టని వేలితో చూపించింది. "ఆకు పచ్చదనం కూడా ఈ కాంతికి వెలుగుతుంది. అందుకేగా గడ్డి కలపని మేత తెప్పించేది."

"రెండ్రోజులాగి మళ్లీ తీస్తే?"

"కణితులు రూలు ఒప్పే హద్దు దాటాయి. ఇంకొక్కరోజు ఉంచినా వాటికి నరకమే. మళ్లీ కొత్తవాటితో మొదలెట్టాలి."

"అయితే ఇవి ఊరికే పోతున్నాయన్నమాట."

మిరెయ్ నివేదిక కాగితం ముందుకు లాక్కుంది. "మీ పేరు రాయక తప్పదు వెర్నా."

"రాయమ్మా."

గ్యాసుపెట్టె దగ్గర తనే ఉంటానంది వెర్నా. ఆరూ ఒకదాన్నొకటి ఆనుకుని పడుకున్నాయి. ఊపిరి నెమ్మదించి, ఆగిపోయింది. జాలిపడి పెట్టిన ఆ రెబ్బే వాటి చావుని దండగ చేసింది. తొడుగులు తియ్యకుండానే ముంజేత్తో కళ్లు తుడుచుకుంది.

సాయంత్రం ఉద్యోగం పోయిందని తెలిసి తాళాలు అప్పగించి, ఎప్పటిలాగే కడగడానికని పంజరం కిందికి దించింది. ఒక మూల కాగితపు పీలికలతో అవి అల్లుకున్న గూడు, ఆరు ఒళ్లు పట్టేంత గుంటతో, అలాగే ఉంది.