నల్ల బట్టలు నిషేధం

బుదిమిర్ ఈల ఊదాడు. అగ్నిమాపక దళంలో పనిచేసి రిటైరైన మనిషి. ఈల ఊదకుండా మాట మొదలుపెట్టడం అతనికి చేతకాదు.

"ఎడారిలో మనిషిని చంపేది ఎండ కాదు," అన్నాడు. "అశ్రద్ధ!"

ఆగస్టు మధ్యాహ్నం. పింఛనుదారుల సంఘం హాలుకి రెండు వైపులా పెద్ద కిటికీలున్నాయి. రెండూ మూసే ఉన్నాయి. ఒకటి తెరవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. కానీ వెనకాల ఇంకెవరో వచ్చి రెండోది తెరిస్తే? ఎదురెదురు కిటికీల మధ్య దూరి పరిగెత్తే గాలిని మా సెర్బియాలో ప్రొమాయా అంటారు. అది వీపుకి తగిలితే నడుం పట్టేస్తుంది, చెవికి తగిలితే మూతి వంకరపోతుంది, కిడ్నీలకి తగిలితే ఇక అడక్కండి. యుద్ధంలోంచి బతికి బయటపడిన మా నాన్న కూడా ప్రొమాయాకి మాత్రం తలవంచేవాడు. అందుచేత వడదెబ్బ మీద ఉపన్యాసాన్ని మేమందరం తలుపులు బిగించుకుని, చెమటలు కక్కుతూ, శ్రద్ధగా వింటున్నాం.

అక్టోబరులో మా నడక బృందం జోర్డాన్ వెళ్తోంది. ఈ యాత్ర తలపెట్టింది నా భర్త తిహోమిర్. అప్పట్లో బృందానికి అతనే అధ్యక్షుడు, ఇప్పుడు బుదిమిర్. మార్చి చివర్లో ఒక ఉదయం ఆలుబుఖారా చెట్టుకి కొమ్మలు కత్తిరిస్తూ, కాస్త అలిసినట్టుందని చెట్టు కింద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

నేను బడిలో భూగోళం చెప్పేదాన్ని. "ఇన్నేళ్లూ పిల్లలకి ఎడారిని వేలితో చూపించావు. ఒక్కసారి కాలు పెట్టి చూడవోయ్," అనేవాడు తిహోమిర్. అతని ప్రయాణం రద్దయింది. నాది నేను రద్దు చేసుకోలేదు.

బుదిమిర్ జాగ్రత్తలు చెబుతూనే ఉన్నాడు. టీకాలు, డాక్టరు ధ్రువపత్రం, ఉప్పు కలిపిన నీళ్లు, చెవులు కప్పే టోపీ, తేళ్ల కోసం మోకాళ్లదాకా బూట్లు.

"అధ్యక్షా, తేలుకి నా దగ్గర మందుంది," అన్నాడు తేనెటీగలు పెంచే మిలాదిన్. "మా ఇంటి ఆలుబుఖారా సారా. ఒక సీసా సంచిలో వేసుకొస్తా."

"అక్కడ బహిరంగంగా తాగకూడదయ్యా!"

"నేనెక్కడ తాగుతానన్నాను? కుట్టినచోట రుద్దుతా. మిగిలింది తేలు తాగుతుంది."

నవ్వులు ఆగేదాకా బుదిమిర్ ఈల ఊదాడు. తర్వాత బట్టల దగ్గరికి వచ్చాడు. "తెలుపు, లేత గోధుమరంగు. వదులుగా ఉండాలి. నల్ల బట్టలు నిషేధం. నలుపు ఎండని పీల్చుకుంటుంది."

అందరి తలలూ నా వైపు తిరిగాయి. నల్ల రవిక, నల్ల లంగా, నల్ల మేజోళ్లు, తలకి నల్ల గుడ్డ. ఇంట్లో మనిషి పోతే మాకు ఏడాది నలుపు. బుదిమిర్ నన్ను చూసి ఈల నోటిదాకా తీసుకెళ్లి, ఊదకుండానే దించేశాడు.

సావ్కా లేచి నిలబడింది. తిహోమిర్ చెల్లెలు, నా ఆడపడుచు. తనూ యాత్రకి పేరిచ్చింది. అన్న పోయాక అది విహారయాత్ర కాదని, అన్న మాట నిలబెట్టడమని ఊరంతా చెప్పింది.

"ఏం బుదిమిర్? మా అన్న పోయి ఆర్నెల్లు కాలేదు. మా వదిన తెల్లబట్టలేసుకుని ఒంటెలెక్కి ఊరేగాలా?"

"నేనా మాట అన్నానా, సావ్కా? తిహోమిర్ నాకు అన్నలాంటివాడు. కానీ ఆయన పోయిన సంగతి ఎడారికి తెలీదు కదా!"

"తెలీకపోతే చెప్పు. ఈల ఉందిగా, ఊదు!"

బుదిమిర్ మొహం కందిపోయింది. ఆదివారం మిట్టమధ్యాహ్నం మొరావా నది ఒడ్డు ఇసుకలో నడక పరీక్ష పెడుతున్నానన్నాడు. తట్టుకున్నవాళ్లే వస్తారు. "టీచర్ గారూ, మీరు నలుపుతోనే నడవండి. తట్టుకుంటే రండి. లేదంటే బట్టలన్నా మార్చుకోవాలి, యాత్రన్నా మానుకోవాలి. నన్ను తప్పుపట్టకండి."

"తప్పు పట్టడం లేదు," అన్నాను.

మర్నాడు సావ్కా కూరిన మిరపకాయల గిన్నె పట్టుకుని వచ్చింది. వంటింటి తలుపు తెరిచి ఉందని ముందు కిటికీ మూసింది. ఆ తర్వాతే కూర్చుంది.

"వదినా, నువ్వు మానెయ్యి. వచ్చే ఏడు ఇద్దరం పోదాం."

"వచ్చే ఏడు నా మోకాలు రానంటుందేమో."

"అయితే నలుపుతోనే రా. పరీక్షలో పడిపోయావంటే మాత్రం నేను బుదిమిర్ పక్షమే, ముందే చెబుతున్నా."

"పడను."

"తలగుడ్డ మాత్రం తియ్యకు. ఏడాది తిరక్కుండా మా అన్న భార్య తల కప్పుకోకుండా తిరిగిందని నా చెవిన పడితే, నేను ఆ చర్చి మెట్లు మళ్లీ ఎక్కలేను."

తియ్యనన్నాను. తను తృప్తిగా రెండు మిరపకాయలు తినేసి, గిన్నె రేపు తీసుకుపోతానని వెళ్లిపోయింది.

ఆదివారం మొరావా ఒడ్డున మా బృందాన్ని చూసినవాళ్లు రొట్టెల బట్టీనో ఆసుపత్రినో ఖాళీ చేయించారనుకునేవాళ్లు. ఒకరు పిండి మరకల కోటులో ఉన్నారు, ఒకరు మనవడి కరాటే దుస్తుల్లో. మిలాదిన్ తేనెటీగల ముసుగుతో సహా వచ్చాడు. బుదిమిర్ తెల్లటి ప్లాస్టిక్ గుడ్డతో కుట్టిన సూటు మెడదాకా బిగించుకుని, మోకాళ్లదాకా బూట్లు తొడిగాడు. మెళ్లో ఈల.

నడిచాం. ఇసుక బూట్లలో దూరింది. నా వీపు మీద ఎండ ఇస్త్రీపెట్టెలా ఆనింది. పక్కన సావ్కా నా మొహం వంకే చూస్తూ నడిచింది. "కళ్లు తిరుగుతున్నాయా?" అని అడిగేది. లేదని నేనంటే కొంచెం నిరాశపడినట్టు ఉండేది, వెంటనే తన సీసాలో నీళ్లు ఇచ్చేది. నేను పడలేదు. అయితే పడనందుకు సంతోషించే ఓపిక కూడా మిగల్లేదు.

"ఇప్పుడు రెండో పరీక్ష!" అన్నాడు బుదిమిర్. "ఎడారిలో బస్సు ఆగిపోయిందనుకోండి. లోపల ఎలా ఉండాలి?"

మిలాదిన్ వ్యానెక్కాం. తేనెపెట్టెలు మోసే బండికి అటూ ఇటూ బెంచీలు వేశాడు. ఎండలో నిలబెట్టిన బండి, లోపల మైనం వాసన. ఎవరో ఒక వైపు అద్దం దించారు.

"ఆ పక్క మూసే ఉందా?" అంది సావ్కా.

"మూసే ఉంది."

"దాని జోలికి ఎవరూ పోకండి. అందరం చెమటలో ఉన్నాం. ఇప్పుడు గాలి తగిలితే ఇంతే సంగతులు."

కాసేపటికి ఆ దించిన అద్దం కూడా ఎవరో ఎక్కించేశారు, ఎందుకైనా మంచిదని.

బుదిమిర్ మధ్యలో నిలబడి వడదెబ్బ లక్షణాలు చెప్పసాగాడు. "మొదట తలనొప్పి." నుదురు పట్టుకున్నాడు. "తర్వాత మాట తడబడుతుంది. తర్వాత... తర్వాత మాట... మొదట తలనొప్పి."

"బాగా చేస్తున్నాడు," అంది సావ్కా మెచ్చుకుంటూ.

"కాళ్లు తే... తేలు..."

"తేలిపోతాయి!" అందించాడు మిలాదిన్. బుదిమిర్ మెల్లగా బెంచీ మీదికి జారాడు. అందరూ చప్పట్లు కొట్టారు. పిండి కోటాయన ఈల కూడా వేశాడు.

నేను కొట్టలేదు. పరీక్షరోజు కడుపునొప్పి నటించే పిల్లలు నా తరగతిలో చాలామంది ఉండేవాళ్లు. నటించే పిల్లవాడు ఎంత మెలికలు తిరిగినా ఒక కంటితో మనల్ని చూస్తూనే ఉంటాడు. బుదిమిర్ ఎవర్నీ చూడటం లేదు. పైగా ఎవరో ఈల వేస్తే అతని చెయ్యి తన ఈల వైపు వెళ్లలేదు.

తిహోమిర్ కూడా కాస్త అలిసినట్టుందన్నాడు. నేను కాఫీ కలిపి తెస్తానన్నాను.

లేచి ఈ వైపు అద్దం దించాను. ఆ వైపుది కూడా దించాను.

"వదినా!" సావ్కా కేక నది అవతలికి వినబడి ఉంటుంది. "ప్రొమాయా! మనిషి చెమటలో ఉన్నాడు, చంపేస్తావా?"

"నటన కాదు, సావ్కా. బూట్లు లాగు."

నేను సూటు జిప్పు కిందికి లాగాను. సావ్కా ఒక చేత్తో చెవి మూసుకుని రెండో చేత్తో బూటు లాగింది. మిలాదిన్ సారా సీసా తీశాడు.

"అది లోపల పెట్టు. నీళ్లు ఇవ్వు, అంబులెన్సుకి ఫోన్ చెయ్యి."

నీళ్లున్నాయి. తడపడానికి గుడ్డ లేదు. అందరి ఒంటి మీదా చెమటకి అంటుకుపోయిన కోట్లూ కరాటే కాన్వాసూ. నేను తలగుడ్డ విప్పి, సీసా నీళ్లన్నీ దాని మీద పోసి, బుదిమిర్ మెడకి చుట్టాను. రెండు కిటికీల మధ్య గాలి దూసుకొచ్చి నా జుట్టుని మొహం మీదికి కొట్టింది. మార్చి తర్వాత నా తలకి గాలి తగలడం అదే మొదలు.

చాలాసేపటికి బుదిమిర్ కళ్లు తెరిచాడు. మెడ మీద ఉన్నదాన్ని తడిమి, కిందికి చూశాడు.

"నల్లది," అన్నాడు నీరసంగా. "నిషేధం."

"నోరు మూసుకుని పడుకో నాయనా," అంది సావ్కా. తన కళ్లు తుడుచుకుంటోంది, చెమటనే అనుకుంటాను.

వచ్చిన నర్సు అతనికి సెలైన్ పెట్టి, ఈ సూటు కుట్టించిన మహానుభావుడెవరని అడిగింది. అంబులెన్సు ఎక్కించేముందు బుదిమిర్ నన్ను పిలిచాడు.

"టీచర్ గారూ, పరీక్షలో ఎవరెవరు తప్పారు?"

"ఒక్కరే."

"నిబంధన మారుస్తున్నా. నల్ల గుడ్డ, తడిదైతే అనుమతి. మెడకి మాత్రమే." ఈల కోసం వెతుక్కున్నాడు. సావ్కా దాన్ని అప్పటికే జేబులో వేసేసింది.

బండి వెళ్లిపోయింది. సావ్కా నా తలగుడ్డని గట్టిగా పిండింది. ఇస్తుందని చెయ్యి చాచాను. ఇవ్వలేదు. నా తల వైపు ఒకసారి చూసి, చూపు నది మీదికి తిప్పేసుకుంది.

"తడిది. ఇది తలకి చుట్టుకున్నావంటే, ఈ గాలిలో మెదడువాపు వస్తుంది."

"ఆరాక చుట్టుకుంటాను."

"ఎక్కడ ఆరుతుంది? మందపాటి గుడ్డ." దాన్ని నాలుగు మడతలు పెట్టి తన సంచిలో అడుగున పెట్టింది. "నేను చూసుకుంటాలే. చర్చిలో ఎవరైనా అడిగితే, తడిసింది, ఆరలేదంటాను. జోర్డాన్ వెళ్లొచ్చేదాకా ఆరదు."

ఎడారి గాలికి తడిగుడ్డ ఎంతసేపట్లో ఆరుతుందో నాకు తెలుసు. తేమ లేని గాలి గురించి ఏటా ఒక పాఠం చెప్పేదాన్ని.

"ఆరకపోవచ్చు," అన్నాను.